నివేదికలో లేని మేక

ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు మూడు మెమోలు వచ్చాయి. మొదటిది ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినందుకు. ఆవడి నుంచి నేనెక్కే రైలుకు ఆ మెమో ఇచ్చి ఉంటే న్యాయంగా ఉండేది. రెండోది, ఆయుధపూజనాడు కొలత టేపుకు పెట్టిన కుంకుమను అందరి ముందూ కడిగేసినందుకు. మూడోది ఒక మేక గురించి. మొదటి రెండూ ఏనాడో చింపేశాను. మూడోది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఆ మేక సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే అందులో తప్పు చేసినవాణ్ని నేనే. ఎదుటివాళ్ళ తప్పులు చెప్పేవాళ్ళు మీకు ఎలాగూ దొరుకుతారు.

నేను పనిచేసిన శాఖ పేరుతో మీకు పని లేదు. రోడ్డు పక్కన గొయ్యి తవ్వి, అందులో టెలిఫోను కేబులు పరిచి, ఇసుక పోసి, ఇటుకలు పేర్చి, పూడ్చి, ఆర్నెల్లయ్యాక ఏదో మరిచిపోయామని మళ్ళీ తవ్వే శాఖ. డెబ్భైల చివర్లో తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా, అక్కణ్ణుంచి కే.జీ.కండిగై వైపు కొంత దూరం కేబులు వేయాలన్నారు. పని ఒక కాంట్రాక్టరుకు దక్కింది. ఆయన తెల్ల చొక్కా మనిషి, పార పట్టడు. అందుకని తవ్వకాన్ని మీటరుకు ఇంత అని రెండు జట్లకు కింది కాంట్రాక్టుగా ఇచ్చాడు. ఒకటి ఆరణి జట్టు, ఏటి ఇసుకలో పుట్టి పెరిగినవాళ్ళు. రెండోది కండిగై జట్టు. జట్టుకు ఎనిమిది మంది. వాళ్ళు తవ్వింది కొలిచి, రాసి, కింద సంతకం పెట్టడం నా పని.

తిరువళ్ళూరు పక్క నేల మెత్తన. వాన పడిన మర్నాడు పార తాకితే చాలు, దానంతటదే లేచి వచ్చేది. అక్కడ ఒక జట్టు రోజుకు ఇరవై మీటర్లు తవ్వేది. రోడ్డు తిరుత్తణి దగ్గరికి వచ్చేసరికి నేల స్వభావం మారిపోయింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. అదే ఎనిమిది మంది, అదే పొద్దు, అదే చెమట, ఆరు మీటర్లు దాటితే గొప్ప. కానీ కాంట్రాక్టరు ఇచ్చే రేటు రెండు చోట్లా ఒకటే. "మీటరంటే మీటరే గదా సార్, రాతి మీటరు పొడుగా, మట్టి మీటరు పొట్టిదా?" అనేవాడు. ఈ మాట ఎంత అందంగా ఉందంటే, దానిలోని దొంగతనం కనబడడానికి కొంచెం సేపు పడుతుంది.

కండిగై జట్టుకు పెద్ద ఒక నలభై ఏళ్ళ ఆడమనిషి. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. అంతకుముందు జట్టును నడిపింది ఆమె భర్త. ఇలాంటి రాతినేలలోనే నడుం పట్టేసి, మంచానికి అంటుకుపోయాడు. గడ్డపారతో పాటు పెత్తనమూ ఆమెకు వచ్చింది. ఒకరోజు నా ఎదుటే కాంట్రాక్టరు ఆమెను నిలదీశాడు.

"ఏమ్మా, నిన్న ఆరే మీటర్లా? తిరువళ్ళూరులో ఇరవై తవ్వితిరి గదా?"

"ఆడ మన్ను తవ్వినాము సామీ. ఈడ మురుగన్ కొండకు వేరు తవ్వతా ఉండాము."

"అంతా ఎవురి రాశి వాళ్ళదమ్మా. ఇయ్యాల నీకు రాయి పడింది, రేపు మన్ను పడతాది."

"ఆ రేపు ఏ తేదీనో కూడా చెప్పేయండి. అందాకా గంజి తాగకుండా ఓర్చుకుంటాము."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను కుర్రతనంలో సభల్లో, చర్చావేదికల మీద పెరిగినవాణ్ని. రాశి, తలరాత అనే మాటలు వింటే చెయ్యి దానంతటదే లేస్తుంది. అక్కడే మట్టికుప్ప ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. నేల కింద రాయి ఉండడం జాతకం కాదనీ, ఈ కొండ పుట్టినప్పుడు ఏ గ్రహమూ కూలివాడి వైపు చూడలేదనీ, తిరువళ్ళూరు పక్క ఎప్పుడూ మట్టే, తిరుత్తణి పక్క ఎప్పుడూ రాయే అయినప్పుడు దీన్ని అదృష్టం అనడం దోపిడీకి పెట్టిన ముద్దుపేరనీ గొంతెత్తి చెప్పాను. పదిహేను నిమిషాలు. అక్క చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నది.

"బాగా చెప్పినారు సార్. ఇంతకీ రేటు ఎంతయిందంటారు?"

మట్టికుప్ప దిగాను. నా ఉపన్యాసాలన్నింటిలోకీ ఆ ఒక్కదానికే సరైన ప్రశ్న వచ్చింది.

మర్నాడు రెండు జట్లూ పని ఆపేశాయి. ఆరణి వాళ్ళు కూడా రాతిలోకే వచ్చిపడ్డారు గనక వాళ్ళకూ మండుతోంది. సంగతి మా పెద్ద ఇంజనీరు దాకా పోయింది. ఆయన తక్కువ మాటల మనిషి. కాంట్రాక్టరుకు శాఖ ఇచ్చే సొమ్ము అప్పటికే ఖాయమైపోయింది. అందులోంచి కింది జట్లకు రాతిమీటరుకు ఎంత ముట్టాలి అన్నదే తగువు. దానికాయన ఒక పద్ధతి చెప్పాడు. రాతినేలలో ఒక జట్టు ఒక రోజులో ఎన్ని మీటర్లు తవ్వుతుందో నేను పక్కన నిలబడి కొలవాలి. ఎనిమిది మంది రోజు కూలిని ఆ మీటర్లతో భాగించాలి. వచ్చేదే మీటరు రేటు. కాంట్రాక్టరు దానికి ఒప్పుకున్నాడు.

నా ఆనందానికి అంతులేదు. చూడండి, తగువు తీర్చడానికి ప్రమాణాలు లేవు, పెద్దమనుషులు లేరు, కొబ్బరికాయ లేదు. ప్రయోగం! గుళ్ళో దేవుణ్ని నమ్మనివాడు కూడా దేనికో ఒకదానికి దండం పెట్టకుండా ఉండలేడని నాకప్పుడు తెలియదు. ప్రయోగంలో చూసేవాడు వేలు పెట్టకూడదన్నది నా నియమం. అందుకని జట్లకు ఒక్క ముక్క చెప్పాను: "ఎల్లుండి మీ పని కొలుస్తాం." ఎందుకు కొలుస్తామో, కొలిచి ఏం చేస్తామో చెప్పలేదు. చెబితే ప్రయోగం మైలపడిపోతుందని నా భయం.

ఎల్లుండి వచ్చింది. నేను కొలత టేపుతో దిగేసరికి మైలురాయికి ఒక నల్లమేక కట్టేసి ఉంది. మెడలో బంతిపూల దండ. పక్కన కాంట్రాక్టరు.

"ఎవురు ఎక్కువ తవ్వితే వాళ్ళకు ఈ మేక!" అని చాటించాడు. "ఏం సార్, పాపం కష్టపడతారు గదా, నా వంతుకు ఏదో ఒకటి."

పీడించేవాడి గుండెలో కూడా ఎక్కడో తడి ఉంటుందనుకుని మురిసిపోయాను. అంతటితో ఆగానా? చప్పట్లు కూడా కొట్టాను.

ఇక ఆ రోజు ఏం చెప్పను! ఆరణికీ కండిగైకీ అంతకుముందే పడదు. ఇసుక మనుషులని వీళ్ళూ, కొండముచ్చులని వాళ్ళూ. ఆరణి జట్టు పెద్ద బక్కపలచని మనిషి, మీసం మాత్రం ఇద్దరిది.

"అక్కా, మేక పులుసులోకి మిరియాలు మేం తెచ్చుకున్నాము. మీకు వాసన పంపిస్తాములే!" అని అరిచాడు అవతలి గోతిలోంచి.

"మామా, ముందు ఆ గడ్డపార ఎట్ల పట్టుకోవాలో ఎవురినన్నా అడుగు. అది దువ్వెన కాదు!"

సూర్యుడు పైకి రాకముందే మొదలైన పని మధ్యాహ్నం కూడా ఆగలేదు. గంజి ముంతలు గోతి గట్టు మీదే ఎండిపోయాయి. ఒకడు సమ్మెట దింపితే ఇంకొకడు అందుకునేవాడు. అరచేతులు చిట్లితే గుడ్డ చుట్టుకున్నారు. నేను అటూ ఇటూ పరుగెత్తుతూ, "కండిగై తొమ్మిదిన్నర! ఆరణి తొమ్మిది ముప్పావు!" అని కేకలు పెడుతూ వాళ్ళను ఇంకా రెచ్చగొట్టాను. ప్రయోగంలో వేలు పెట్టనన్నవాణ్ని గొంతు పెట్టవచ్చనుకున్నాను కాబోలు.

పొద్దు వాలేసరికి ఆరణి పదమూడు మీటర్లు. కండిగై పదమూడున్నర. కొండ కింద రోడ్డంతా ఈలలు. మేక కండిగై వాళ్ళదైంది. అక్క పెద్దమనసు చేసి ఆరణి వాళ్ళనూ పిలిచింది. గోతి పక్కనే పొయ్యి పెట్టారు. నాకు బాదం ఆకులో రెండు ముక్కలు వడ్డించారు. బాగా ఉడికాయి. మిరియాలు ఆరణి వాళ్ళవే.

మర్నాడు పొద్దున ఆఫీసులో కూర్చుని భాగహారం చేశాను. ఎనిమిది మంది కూలి, కింద రెండు జట్ల సగటు పదమూడుంబావు. వచ్చిన అంకె చూసి లెక్క తప్పాననుకున్నాను. మళ్ళీ చేశాను. మూడోసారి కూడా అదే వచ్చింది. మామూలుగా తవ్వే ఆరు మీటర్లతో భాగించి ఉంటే వాళ్ళకు మూడింతల రేటు వచ్చేది. ఇప్పుడు వచ్చింది పాత రేటుకు సగం మాత్రం ఎక్కువ. అంటే మామూలు రోజున ఆరు మీటర్లు తవ్వినప్పుడు ఎనిమిది మందికి చేతికొచ్చేది సగం కూలి కూడా కాదు. వాళ్ళు ఎంత వీరావేశంగా తవ్వారో తమ రేటును అంత లోతుగా పాతిపెట్టుకున్నారు. కాంట్రాక్టరు ఒక్క మేకతో, ఇంకా తవ్వాల్సిన పన్నెండు వందల మీటర్ల రాయిని కొనేశాడు. నేను చప్పట్లు కొట్టాను.

అంకెలు మార్చడం నా వల్ల కాదు. కొలిచింది కొలిచినట్టు రాసి, సంతకం పెట్టి పంపించాను. ఆ సాయంత్రం సంగతి చెప్పడానికి అక్క దగ్గరికి వెళ్ళాను. గులకరాళ్ళు పెట్టి భాగహారం చూపించాను. ఇరవై నాలుగు రాళ్ళు ఆరు కుప్పలుగా పంచితే నాలుగేసి. పన్నెండు కుప్పలుగా పంచితే రెండేసి. ఆమె ఆ రాళ్ళను తన చేత్తో ఇంకోసారి పంచి చూసింది.

"అంటే, ఎక్కువ తవ్వినదానికి తక్కువ ఇస్తారా?"

"పద్ధతి అది అక్కా."

"ఐతే సోమరిపోతుల మాదిరి తవ్వి ఉంటే ఎక్కువ వచ్చి ఉండునా?"

"వచ్చి ఉండేది."

"ఇది మీకు ముందే తెలుసు."

"పద్ధతి తెలుసు. కానీ మీకు చెబితే పరీక్ష..."

"ఆ సామికీ తెలుసు." కాంట్రాక్టరు గురించి అంటోంది. "మీ ఇద్దురికీ తెలుసు. తవ్వినోళ్ళకు మాత్రం తెలీదు. బలే ఉండాది సార్ మీ పరీక్ష."

ఇరవై ఏళ్ళ వాదప్రతివాదాల్లో నన్ను ఎవరూ అంత తక్కువ మాటల్లో ఓడించలేదు. కొలిచేవాడు ఎటూ మొగ్గకపోవడం న్యాయమని నేననుకున్నాను. ఆట నియమాలు ఒక పక్షానికే తెలిసినప్పుడు, ఎటూ మొగ్గకుండా నిలబడ్డవాడు ఆ పక్షానికి కాపలా కాసినట్టే.

నాలుగు రోజుల తర్వాత రేటు ఖాయం చేయడానికి పెద్ద ఇంజనీరు తిరుత్తణి వచ్చాడు. మా గుడారం ముందు బల్ల వేశారు. కాంట్రాక్టరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. రెండు జట్లూ కొంచెం అవతల నిలబడ్డాయి. నివేదిక చదివి ఆయన కళ్ళజోడు పైకి జరిపాడు.

"రాతినేలలో పదమూడు మీటర్లా?"

"నా పిల్లకాయలు పులులు సార్!" అన్నాడు కాంట్రాక్టరు. "పని చేస్తే అట్ల చేస్తారు. కూలి ఎక్కువ అడిగేదానికి వచ్చినప్పుడే ఆరు అంటారు. సూపర్వైజర్ సారే పక్కన ఉండి కొలిచినారు."

"నిజమేనా?" అని నన్నడిగాడు.

చర్చావేదికల మీద మా గురువొకాయన నేర్పిన విద్య ఒకటుంది. ఎదుటివాడి మాటను కాదనకు. దాన్ని భుజాన ఎత్తుకుని, వాడు నడవనన్న చోటుదాకా మోసుకుపో.

"పూర్తిగా నిజం సార్. కాంట్రాక్టరు గారితో అక్షరాలా ఏకీభవిస్తున్నాను. ఈ జట్లు రోజూ పదమూడు మీటర్లు తవ్వుతాయి. సంతకానికి ముందు ఒక్క పంక్తి చేర్చాలి, అంతే."

కాంట్రాక్టరు మురిసిపోయాడు. నావైపు మొదటిసారి ప్రేమగా చూశాడు.

"ఇంకా పన్నెండు వందల మీటర్ల రాయి ఉంది. రోజుకు ఆరేసి మీటర్లు అనుకుని ఆయనకు నాలుగు నెలల గడువు ఇచ్చాం. ఇప్పుడు జట్టుకు పదమూడుంబావు అని తేలింది. రెండు జట్లకు ఇరవై ఆరున్నర. నలభై ఆరు రోజుల్లో అయిపోతుంది. గడువు ఆ మేరకు తగ్గించాలి. దాటిన ప్రతి రోజుకూ జరిమానా ఉండనే ఉంది."

ఇంజనీరు తల ఊపి కలం తీశాడు. "సబబే."

కాంట్రాక్టరు ముఖంలో ప్రేమ ఇంకిపోయింది. "అదెట్ల సార్? నలభై ఆరు దినాలా?"

"పులులు గదా," అన్నాను.

"పులులే సార్, కానీ దినమూనా? ఏ మనిషి దినమూ అట్ల తవ్వతాడు? చచ్చిపోడా?"

"మళ్ళీ ఒకసారి చెప్పండి, రాసుకుంటాను."

అవతల జట్లలోంచి అక్క గొంతు వినబడింది. "సామి నోట్లో చక్కెర పోయాల!"

ఇంజనీరు కలం కింద పెట్టాడు. "అయితే ఆ రోజు మాత్రం ఎందుకు తవ్వారు?"

కాంట్రాక్టరు కొండవైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. జవాబు ఆరణి మీసం నుంచి వచ్చింది.

"మేక కోసరం సార్!"

"ఏ మేక?"

"నల్లమేక సార్. గెలిచినోళ్ళకని ఆ సామి కట్టినాడు. దండ కూడా వేసినాడు."

ఇంజనీరు నివేదికను ముందుకీ వెనక్కీ తిప్పాడు. కాగితం అంచులు కూడా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇందులో మేక లేదే."

"లేదు సార్."

"మీరు చూశారా?"

"చూశాను సార్."

"తిన్నారా?"

అబద్ధం ఆడవచ్చు. కానీ అవతల పదహారు మంది సాక్షులున్నారు, వాళ్ళలో వడ్డించినవాళ్ళూ ఉన్నారు.

"రెండు ముక్కలు సార్."

ఆ పరీక్ష కొట్టేశారు. ఈసారి ఒక్క రోజు కాదు, ఆరు రోజులు వరసగా కొలిచి సగటు తీయమన్నాడు. పందేలు లేవు, కానుకలు లేవు. మధ్యాహ్నం గంజి వేళ గంటసేపు విరామం ఉండాలని ఆయనే రాయించాడు. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. పరిశీలన సమయంలో ప్రదర్శించబడిన, తదనంతరం భుజించబడిన మేక ప్రస్తావన నివేదికలో లేకపోవడానికి సంజాయిషీ ఇచ్చుకోవలసిందని సారాంశం. ఇంగ్లీషులో మేక ఇంకా హుందాగా ఉంది.

రెండో పరీక్షకు ముందురోజు రెండు జట్లనూ కూర్చోబెట్టి అంతా విడమరిచాను. ఏం కొలుస్తామో, దేంతో భాగిస్తామో, అంకె ఎటు పోతే ఎవరికి లాభమో. ప్రయోగం మైలపడితే పడనీ అనుకున్నాను.

ఆరణి మామ మీసం దువ్వాడు. "ఐతే తెలిసిపోయింది. దినానికి మూడే మీటర్లు తవ్వుదాము. ఒక దెబ్బ, ఒక బీడీ."

నలుగురు నవ్వారు, నలుగురు సై అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ మూడు మీటర్లు జరిగితే బాగుండునని నా మనసులో ఒక మూల ఉబలాటపడింది. హేతువాదికి కూడా అలాంటి మూలలు ఉంటాయి.

అక్క ఒప్పుకోలేదు. "మెల్లంగా తవ్వేది కూడా పందెమే గదా మామా. మొన్న మేక చూసి తవ్వితిమి, ఇప్పుడు రేటు చూసి తవ్వేదా? రేపు ఆ సామి వేరే జట్టును తెచ్చి ఆరు తవ్వించి చూపిస్తే మన మొహం యాడ పెట్టుకుంటాము?"

"ఐతే ఎట్ల తవ్వమంటావు?"

"ఎవురూ చూడనప్పుడు ఎట్ల తవ్వతామో, అట్ల. ఇంట్లో మొగుడు లేచి కూర్చోలేకుండా పడి ఉండాడు. నాకు నడుం కావాల, రేటూ కావాల. రెండూ మిగిలేటట్ల తవ్వుదాము."

ఆరు రోజులు అలాగే తవ్వారు. ఒకరోజు ఆరున్నర, ఒకరోజు అయిదు, ఒకరోజు గడ్డపార మొన విరిగి నాలుగు. కాంట్రాక్టరు తన మనిషినొకణ్ని కాపలా పెట్టాడు. నాలుగో రోజుకు అతను గొడుగు కింద నిద్రపోయాడు. దాన్ని కూడా నివేదికలో రాశాను. ఆ నివేదికలో కాకి అరిచినా రాశాను. సగటు ఆరుకు కొంచెం తక్కువ వచ్చింది.

ఉత్తర్వు వచ్చాక వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి గోతి గట్టు మీద కూర్చుని చదివాను. రాతినేలలో మీటరుకు పాత రేటుకు మూడింతలు. ఇకమీదట కింది జట్లకు ఇచ్చే సొమ్ము నా ఎదుట చెల్లించి వేలిముద్రలు తీసుకోవాలి. ఆరణి మామ ఈల వేశాడు. కండిగై వాళ్ళు పెద్దగా సంబరపడలేదు. రావలసినది వచ్చినప్పుడు మనుషులు అలాగే ఉంటారు. కాంట్రాక్టరు మాత్రం ఆ తర్వాత ఏడాది పాటు నన్ను చూస్తే అవతలి పక్క నడిచేవాడు. నాకు అది నష్టమనిపించలేదు.

అందరూ లేచిపోతుంటే అక్క ఆగింది.

"సార్, ఒకటి అడిగేదా?"

"అడుగక్కా."

"మీకు సంబళం ఎట్ల? దినానికా, మీటరుకా?"

"నెలకు."

"నెలకు ఎన్ని కాగితాలు రాస్తే ఇస్తారు?"

"అలా ఏం లేదు. ఎన్ని ఉంటే అన్ని."

"మీరు ఎంత బిరీన రాస్తారో ఎవురన్నా పక్కన నిలబడి చూసినారా?"

"లేదు."

"మీ ఇంజనీరు సార్‌ను?"

"ఆయన్నీ ఎవరూ చూడలేదు."

"ఒక్క దినం కూడా?"

"ఒక్క రోజు కూడా లేదక్కా."

ఆమె ఎగతాళి చేస్తుందేమోనని చూశాను. చేయలేదు. చెంగు బిగించి గోతిలోకి దిగింది. గడ్డపార అందుకుని, తల మాత్రం గట్టు పైకి ఎత్తి అన్నది:

"సరి సార్. అయితే మీరు నిమ్మళంగా రాసుకోండి. మాకు పొద్దు పోతాది."